అల్సర్: పుండు మానితే జబ్బు పోయినట్టు కాదు

సంపాదక మహాశయా,

కడుపులో పుండు గురించి పత్రికల ఆరోగ్య పేజీల్లో వచ్చే సలహాలు దాదాపు ఒకే మూసలో ఉంటున్నాయి: కారం తగ్గించండి, వేళకు తినండి, చల్లటి పాలు తాగండి, టెన్షన్ పడకండి. వీటితో పెద్దగా హాని లేదు. అయితే పుండును నయం చేసేది మాత్రం వీటిలో ఒక్కటీ లేదు. "గ్యాస్ బిళ్ళలు ఒక షీటు ఇవ్వండి" అంటూ మందుల షాపుకు వచ్చేవాళ్ళలో ఏళ్ళ తరబడి అదే బిళ్ళ మింగుతున్నవాళ్ళు ఎందరో. వాళ్ళలో కొందరికి ఉన్నది రెండు వారాల సరైన మందుతో పూర్తిగా పోయే జబ్బు. ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పకపోవడం వల్లే ఈ ఉత్తరం.

జీర్ణాశయంలో గానీ, దాని తరువాత వచ్చే చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినంలో గానీ లోపలి పొర తెగి గుంట పడితే దాన్ని పెప్టిక్ అల్సర్ అంటారు. ఊళ్ళలో పేగుపూత అని చెప్పుకునేదాంట్లో చాలావరకు ఇదే. ముఖ్యమైన కారణాలు రెండు: హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, నొప్పి మాత్రలు (ఆస్పిరిన్‌తో సహా). ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఈ బ్యాక్టీరియాను 1982లో మొదటిసారి ప్రయోగశాలలో పెంచగలిగారు. మామూలుగా రెండు రోజులకే పారేసే ప్లేట్లు ఈస్టర్ సెలవుల పుణ్యమా అని ఇంకొన్ని రోజులు అలాగే ఉండిపోబట్టి అది బయటపడింది. డాక్టర్లు నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి గ్యాస్ట్రైటిస్ (జీర్ణాశయం లోపలి పొర వాపు) తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ బ్యాక్టీరియా సంగతి తెలియకముందు మొండి అల్సర్‌కు కత్తే గతి. ఆమ్లాన్ని ఊరించే వేగస్ నరాన్ని కోసి, జీర్ణాశయాన్ని పేగుకు కలిపి కుట్టేవారు. అన్నం తినే దక్షిణాదిలో డుయోడినల్ అల్సర్ గోధుమ రొట్టె తినే ఉత్తరాదికంటే ఎక్కువగా కనిపించేది కాబట్టి ఆ ఆపరేషన్లూ మన దగ్గర బాగానే జరిగాయి. ఇంట్లో పెద్దవాళ్ళకు అలాంటి పాత కోత గుర్తు ఉండి, నీరసంగా ఉంటున్నారంటే ఒకసారి ఐరన్, బి12 పరీక్ష చేయించండి. ఆ ఆపరేషన్ తరువాత ఈ రెండూ సరిగా ఒంటబట్టవు.

ఈ బ్యాక్టీరియా ఎక్కువగా చిన్నతనంలోనే, కలుషితమైన నీళ్ళ ద్వారానో ఇంట్లో ఒకరి నుంచి ఒకరికో సోకుతుంది. సోకినవాళ్ళలో అల్సర్ దాకా వెళ్ళేది పదిమందిలో ఒకరిద్దరే. జీర్ణాశయం కింది భాగంలో ఇది తిష్ఠ వేస్తే గ్యాస్ట్రిన్ అనే హార్మోను పెరిగి, ఆమ్లం ఎక్కువై డుయోడినంలో పుండు పడుతుంది. పై భాగమంతా వాచిపోయే రకంలో ఆమ్లం తగ్గుతుంది గానీ రక్షణ పొర బలహీనపడి జీర్ణాశయంలోనే పుండు పడుతుంది. క్యాన్సర్ ముప్పు ఎక్కువ ఉండేది ఈ రెండో రకంలోనే. ఈ బ్యాక్టీరియాను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో (క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో) 1994లోనే చేర్చారు.

నొప్పి తీరు గురించి ఒక మాట. పరగడుపున, తెల్లవారుజామున ఒకటి రెండు గంటలకు మంట లేచి, ఏదైనా తింటే తగ్గితే డుయోడినం. తిన్న వెంటనే నొప్పి వచ్చి తిండి మీద భయం పట్టుకుంటే జీర్ణాశయం అని చెబుతుంటారు. ఇది అందరిలోనూ నిజం కాదు. నమ్మదగిన లక్షణం ఇంకొకటి ఉంది: ఈ జబ్బు వస్తూ పోతూ ఉంటుంది. కొన్ని వారాలు బాధపెట్టి, మందేమీ లేకున్నా తగ్గి, కొన్ని నెలలు ఊసే లేకుండా ఉండి మళ్ళీ లేస్తుంది. తగ్గే సమయంలో ఏ పసరు తాగితే ఆ పసరుకు, ఏ బిళ్ళ మింగితే ఆ బిళ్ళకు పేరొస్తుంది. పేగుపూతకు మందిస్తామని గోడల మీద రాసుకునేవాళ్ళ వ్యాపారం సగం దీనిమీదే నడుస్తుంది.

ఇక మందులు. మనం గ్యాస్ బిళ్ళ అనేవి ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఈసోమెప్రజోల్ వంటివి. వీటిని వాడే పద్ధతిలోనే సగం మంది తప్పుతున్నారు. ఒమెప్రజోల్ క్యాప్సూల్ విప్పి చూస్తే తెల్లటి చిన్న చిన్న గుళికలుంటాయి. ఒక్కో గుళిక మీదా ఆమ్లానికి కరగని పూత ఉంటుంది. మందు జీర్ణాశయంలో పనిచేయదు. అక్కడ కరిగితే పాడైపోతుంది. పేగులో కరిగి, రక్తంలో కలిసి, తిరిగి జీర్ణాశయం గోడలోని ఆమ్ల కణాలకు చేరి, ఆ క్షణంలో పనిచేస్తున్న ఆమ్ల పంపులను మాత్రమే శాశ్వతంగా మూసేస్తుంది. పంపులు ఎక్కువగా పనిచేసేది భోజనం పడ్డప్పుడు. మందు రక్తంలో ఉండేది ఒకటి రెండు గంటలే. అందుకే ఉదయం టిఫినుకు అరగంట నుంచి గంట ముందు వేసుకుని, తరువాత తప్పకుండా తినాలి. వేసుకుని పదకొండింటి దాకా ఏమీ తినకపోయినా, రాత్రి అన్నం తిన్నాక పడుకునే ముందు వేసుకున్నా మందు చాలావరకు వృథా. నమిలినా, పొడి చేసినా అంతే. పూర్తి ప్రభావం రావడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. మంట లేచినప్పుడల్లా ఒకటి వేసుకుంటే అది అల్సర్ మందు కాదు. అప్పటికప్పుడు ఉపశమనం కావాలంటే తెల్లటి యాంటాసిడ్ ద్రవం చాలు.

మోతాదు ఒమెప్రజోల్ అయితే రోజుకు 20 మి.గ్రా., పాంటోప్రజోల్ అయితే 40 మి.గ్రా. డుయోడినల్ అల్సర్ నాలుగు వారాల్లో, జీర్ణాశయంలోని అల్సర్ ఎనిమిది వారాల్లో ఎక్కువమందిలో మానుతుంది. డోంపెరిడోన్ కలిపిన క్యాప్సూల్‌ను మన దగ్గర అలవాటుగా రాస్తున్నారు, అడిగి మరీ కొంటున్నారు. వాంతి, వికారం లేని అల్సర్ రోగికి ఆ రెండో మందు అవసరం లేదు. పైగా గుండె లయ తేడాలున్నవాళ్ళకు అది ప్రమాదం. వోనోప్రజాన్ అనే కొత్త రకం మందు ఇప్పుడు మన మార్కెట్లోనూ దొరుకుతోంది. దానికి భోజనం వేళతో పని లేదు, మొదటి రోజు నుంచే గట్టిగా పనిచేస్తుంది, ధర మాత్రం ఎక్కువ. పాత గ్యాస్ మందు రానిటిడిన్‌లో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ తేవచ్చని అనుమానించే కల్మషం బయటపడి 2020లో అమెరికా దాన్ని మార్కెట్ నుంచి తీసేయించింది. మన అత్యవసర మందుల జాబితా నుంచి 2022లో తొలగించారు.

అసలు చిక్కు ఇక్కడే. బ్యాక్టీరియా అలాగే ఉండగా ఆమ్లం మాత్రమే తగ్గిస్తే పుండు మానుతుంది గానీ జబ్బు పోదు. బిళ్ళ ఆపిన ఏడాదిలోపే సగానికి పైగా మందికి డుయోడినల్ అల్సర్ తిరగబెడుతుందని అల్సర్‌కు యాంటీబయాటిక్స్ వాడకముందు కాలం అనుభవం స్పష్టంగా చెబుతోంది. బ్యాక్టీరియాను తొలగిస్తే తిరగబెట్టడం అరుదు. కాబట్టి అల్సర్ అని తేలిన ప్రతి ఒక్కరికీ పైలోరీ పరీక్ష జరగాలి.

ఎండోస్కోపీలో (నోటి గుండా కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) జీర్ణాశయం లోపలి పొర నుంచి తీసిన చిన్న ముక్కను యూరియా కలిపిన పసుపుపచ్చ జెల్‌లో పెడతారు. బ్యాక్టీరియా ఉంటే అది ఆ యూరియాను అమ్మోనియాగా మార్చి, జెల్ గులాబీ రంగుకు తిరుగుతుంది. ఎండోస్కోపీ అవసరం లేనివాళ్ళకు మల పరీక్ష, ఊపిరి పరీక్ష ఉన్నాయి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష చవకే గానీ, ఎప్పుడో ఉండి పోయిన ఇన్‌ఫెక్షన్‌నూ ఇప్పుడున్నదాన్నీ విడదీసి చెప్పలేదు. దాన్ని బట్టి మందు మొదలుపెట్టడం సరికాదు. ఇంకో జాగ్రత్త ఉంది. గ్యాస్ బిళ్ళ వాడుతూ పరీక్షకు వెళితే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు రావచ్చు. పరీక్షకు ముందు గ్యాస్ బిళ్ళ రెండు వారాలు, యాంటీబయాటిక్స్, బిస్మత్ నాలుగు వారాలు ఆపి ఉండాలి (పుండు నుంచి రక్తం పోయినవాళ్ళు గ్యాస్ బిళ్ళను సొంతంగా ఆపకూడదు, డాక్టరును అడగాలి). పుండు నుంచి రక్తం కారుతున్న సమయంలో చేసిన పరీక్షలో లేదని వస్తే కూడా నమ్మకుండా మళ్ళీ చేయించాలి.

బ్యాక్టీరియాకు ఎక్కువగా రాసేది మూడు మందుల కోర్సు: గ్యాస్ బిళ్ళ రోజుకు రెండుసార్లు, అమాక్సిసిలిన్ 1 గ్రాము రెండుసార్లు, క్లారిత్రోమైసిన్ 500 మి.గ్రా. రెండుసార్లు, 14 రోజులు. అంటే షాపులో తీసుకునేటప్పుడు 28 గ్యాస్ బిళ్ళలు, 500 మి.గ్రా. అమాక్సిసిలిన్ క్యాప్సూళ్ళు 56, క్లారిత్రోమైసిన్ 28 లెక్క సరిపోవాలి. ఒక్కో రోజు మందులు ఒక్కో అట్టలో పెట్టిన కిట్లు వాడటానికి సుఖం. కానీ కిట్లన్నీ ఒకటి కావు. కొన్నిట్లో క్లారిత్రోమైసిన్ 250 మి.గ్రా. మాత్రమే ఉంటుంది, కొన్నిట్లో అమాక్సిసిలిన్ 750, కొన్నిట్లో టినిడజోల్. చీటీలో ఉన్నదీ అట్ట మీద ఉన్నదీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. పెన్సిలిన్ పడనివాళ్ళు అమాక్సిసిలిన్ ముట్టుకోకూడదు. ఏడు రోజుల కిట్ కొని, మంట తగ్గిందని నాలుగో రోజున ఆపేయడం అన్నిటికన్నా చెడ్డ పని. అలా చేస్తే చావకుండా మిగిలేది మందుకు లొంగని బ్యాక్టీరియానే.

మన దేశంలో ఈ మూడు మందుల కోర్సు మునుపటిలా పనిచేయడం లేదు. జలుబు చేస్తే మూడు రోజులు అజిత్రోమైసిన్, విరేచనాలైతే మెట్రోనిడజోల్ అంటూ చీటీ లేకుండా తెచ్చుకుని మింగే అలవాటు దీనికి పెద్ద కారణం. అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ ఒకే కుటుంబం. ఒకదానికి అలవాటు పడిన బ్యాక్టీరియా రెండోదానికీ లొంగదు. అందువల్ల ఇప్పుడు బిస్మత్‌తో కూడిన నాలుగు మందుల కోర్సును ముందే ఇవ్వడం మేలన్న అభిప్రాయం బలపడింది: గ్యాస్ బిళ్ళ రెండుసార్లు, బిస్మత్ సబ్‌సిట్రేట్ 120 మి.గ్రా. నాలుగుసార్లు, టెట్రాసైక్లిన్ 500 మి.గ్రా. నాలుగుసార్లు, మెట్రోనిడజోల్ 400 మి.గ్రా. మూడుసార్లు. రోజుకు 13, పద్నాలుగు రోజులకు 182 మాత్రలు. ఇన్ని మాత్రలు చూసి రోగి బెదరడం సహజం. మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పకపోతే మధ్యలో వదిలేస్తారు. చెప్పాల్సినవి ఇవీ: నోరు ఇనుము చప్పరించినట్టు ఉంటుంది, కోర్సు అయ్యాక పోతుంది. బిస్మత్ వల్ల మలం, నాలుక నల్లబడతాయి, భయం లేదు. టెట్రాసైక్లిన్‌కు రెండు గంటలు అటూ ఇటూ పాలు, పెరుగు, ఐరన్, కాల్షియం, యాంటాసిడ్ తీసుకుంటే మందు వాటితో ముడిపడి ఒంటికి చేరదు. మజ్జిగన్నం తిని మాత్ర వేసుకునే అలవాటు మనది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ కూడదు. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్ళూ, ఆ తరువాత మూడు రోజులూ కల్లు, సారా, బీరు ఏదీ వద్దు.

క్లారిత్రోమైసిన్‌తో ఇంకో తంటా ఉంది. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ వేసుకునేవాళ్ళు ఆ రెండు వారాలు దాన్ని ఆపాలి, లేకపోతే కండరాలు దెబ్బతినవచ్చు. అటార్వాస్టాటిన్ సంగతీ డాక్టరును అడగాలి. గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగరు మాత్రలతో షుగరు పడిపోవచ్చు. రక్తం పలుచబడేందుకు వార్ఫరిన్, అసెనోకూమరాల్ వాడేవాళ్ళకు క్లారిత్రోమైసిన్ అయినా మెట్రోనిడజోల్ అయినా రక్తస్రావం ముప్పు పెంచుతాయి. అందుకే వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళడం మంచిది.

కోర్సు పూర్తయ్యాక ఎవరూ చేయించనిది ఒకటుంది: బ్యాక్టీరియా పోయిందో లేదో మళ్ళీ చూడటం. ఆఖరి యాంటీబయాటిక్ మాత్ర వేసుకున్న నాలుగు వారాలు దాటాక మల పరీక్షో ఊపిరి పరీక్షో చేయించాలి. నొప్పి తగ్గడం దీనికి రుజువు కాదు. పోకపోతే రెండో కోర్సులో క్లారిత్రోమైసిన్ మళ్ళీ వాడకూడదు. అమాక్సిసిలిన్ వాడవచ్చు, దానికి నిరోధకత అరుదు. పుండు జీర్ణాశయంలో ఉంటే ఎనిమిది వారాల తరువాత రెండోసారి ఎండోస్కోపీ చేసి, పూర్తిగా మానిందో లేదో చూడాలి, మానకపోతే అంచుల నుంచి ముక్కలు తీసి పరీక్షకు పంపాలి. క్యాన్సర్ పుండు కూడా గ్యాస్ బిళ్ళలకు పైపైన మానినట్టు కనబడుతుంది. డుయోడినం పుండుకు మామూలుగా ఈ రెండో ఎండోస్కోపీ అక్కర్లేదు.

రెండో కారణం, నొప్పి మాత్రలు. చికున్‌గున్యా వచ్చిపోయాక కీళ్ళు పట్టేసినవాళ్ళు, మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళు, కూలి పని చేసి ఒళ్ళు నొప్పులతో వచ్చేవాళ్ళు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ నెలల తరబడి వాడుతున్నారు. "మాత్ర అయితే కడుపు మండుతుంది, సూది అయితే ఏమీ కాదు" అని ఊరి డాక్టర్లే చెబుతున్నారు. ఇది తప్పు. ఈ మందులు జీర్ణాశయాన్ని దెబ్బతీసేది నేరుగా తగిలి మాత్రమే కాదు. లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని రక్తం ద్వారా వెళ్ళి ఆపేస్తాయి. సూది వేసినా, పూత ఉన్న ఆస్పిరిన్ అయినా అదే జరుగుతుంది. పరగడుపున వద్దు, తిన్నాక వేసుకోండి అన్నది మంటను తగ్గిస్తుందేమో గానీ పుండును ఆపదు. వీటితోపాటు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ కలిస్తే ముప్పు మరీ ఎక్కువ. పేరూ ఊరూ లేని పొట్లాల్లో కట్టిచ్చే కీళ్ళ నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండే అవకాశం ఉంది, రెండు రోజుల్లో గుణం కనిపిస్తే అనుమానించాల్సిందే.

నొప్పి మాత్ర వాడేవాళ్ళలో అరవై ఐదు దాటినవాళ్ళు, ఇంతకుముందు అల్సర్ వచ్చినవాళ్ళు, దాన్ని ఆస్పిరిన్‌తోనో రక్తం పలుచబరిచే మందుతోనో కలిపి వాడేవాళ్ళు ఉదయం గ్యాస్ బిళ్ళ తప్పకుండా వేసుకోవాలి. ఇలాంటివాళ్ళకు అది దండగ మందు కాదు. వీలైతే నొప్పి మాత్ర బదులు పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి. గుండెకు ఆస్పిరిన్ 75 మి.గ్రా. వాడుతున్నవాళ్ళు కడుపు మంట అని దాన్ని సొంతంగా ఆపేయకూడదు. ఆపితే గుండెపోటు రావచ్చు. రక్తం పోయినవాళ్ళకు కూడా అది ఆగిన కొద్ది రోజుల్లోనే డాక్టర్లు మళ్ళీ మొదలుపెడతారు. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకు ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ వద్దు, ఆ మందు పనితనాన్ని ఇవి తగ్గిస్తాయి; పాంటోప్రజోల్ మేలు.

నొప్పి మాత్రల అల్సర్‌లో మోసం ఏమిటంటే, ఆ మాత్ర కడుపు నొప్పిని కూడా తెలియనివ్వదు. పెద్దవాళ్ళలో మొదటి లక్షణమే రక్తం పోవడం కావచ్చు. మలం తారులా నల్లగా, మెరుస్తూ, జిగటగా, భరించలేని వాసనతో వస్తే అది లోపల కారి జీర్ణమైన రక్తం. ఐరన్ మాత్రలకు, బిస్మత్‌కు కూడా నల్లగా వస్తుంది గానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. నల్ల విరేచనంతో పాటు లేచి నిలబడితే కళ్ళు తిరిగినా, చెమటలు పట్టినా, కాఫీ పొడి రంగులో వాంతి అయినా గ్యాస్ బిళ్ళ వేసి తెల్లారేదాకా చూడకూడదు. ఎండోస్కోపీ, రక్తం ఎక్కించే సౌకర్యం ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి. అక్కడ 24 గంటల్లోపు ఎండోస్కోపీ చేసి, కారుతున్న రక్తనాళానికి క్లిప్పు వేసో వేడితో కాల్చో ఆపుతారు. తరువాత మూడు రోజులు పాంటోప్రజోల్ వంటి మందు ఎక్కువ మోతాదులో నరం ద్వారా ఇస్తారు.

పుండు గోడను చీల్చుకుని రంధ్రం పడితే కత్తితో పొడిచినట్టు ఒక్కసారిగా నొప్పి వస్తుంది, పొట్ట చెక్కలా గట్టిపడుతుంది. కొన్ని గంటల తరువాత నొప్పి కాస్త తగ్గినట్టు అనిపించడం చాలామందిని ముంచుతుంది. అది తగ్గడం కాదు. నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రేలో డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర) కింద గాలి కనిపిస్తే ఆపరేషనే. మూడో చిక్కు, నిన్నటి అన్నం ఈరోజు వాంతిలో రావడం. పుండు మాని మచ్చకట్టి దారి మూసుకుపోయిందన్నమాట. క్యాన్సర్ వల్ల కూడా ఇలా కావచ్చు.

కారం, టెన్షన్ గురించి రెండు ముక్కలు. మిరపకాయ మంట పెడుతుంది గానీ పుండు పెట్టదు. ఉన్న పుండుకు మంటనిపిస్తే మానడం వరకు తగ్గించుకుంటే చాలు, చప్పిడి కూడు అక్కర్లేదు. పాలు కాసేపు హాయినిచ్చినా వాటిలోని కాల్షియం, ప్రొటీను మళ్ళీ ఆమ్లాన్ని పెంచుతాయి. బీడీ, చుట్ట, సిగరెట్ మాత్రం నిజంగా పుండును మాననివ్వవు. మన సలహాల్లో వెనకబడ్డది ఇదొక్కటే.

గ్యాస్ బిళ్ళను అవసరం లేకుండా ఏళ్ళ తరబడి వాడితే మెగ్నీషియం, బి12 తగ్గడం, ఎముకలు విరిగే ముప్పు కాస్త పెరగడం వంటివి ఉంటాయి. అంతకంటే రోజువారీ ఇబ్బంది ఇంకొకటి: చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే కొన్ని వారాలపాటు ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా ఊరుతుంది. ఆ మంట చూసి జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్ళీ మొదలుపెడతారు. మోతాదు సగం చేసి, తరువాత రోజు విడిచి రోజు వేసుకుని, మధ్యలో యాంటాసిడ్‌తో నెట్టుకొస్తే ఎక్కువమంది బయటపడగలరు.

ప్రభుత్వానికి మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. పైలోరీకి మల పరీక్ష, 500 మి.గ్రా. టెట్రాసైక్లిన్ క్యాప్సూళ్ళు జిల్లా ఆసుపత్రుల స్థాయిలో ఎప్పుడూ అందుబాటులో ఉండేలా చూడాలి. ఇప్పుడు ఈ క్యాప్సూల్ కోసం షాపులన్నీ తిరగాల్సి వస్తోంది. దొరక్క దాని బదులు డాక్సీసైక్లిన్ ఇస్తే అంత బాగా పనిచేయడం లేదు. రెండోది, డైక్లోఫెనాక్ సూదులు, మాత్రలు చీటీ లేకుండా అమ్మడంపై డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల తనిఖీలు. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని తెలిసేలా యాంటీబయాటిక్స్ అట్టల మీద ఎర్ర గీత వేశారు. దాన్ని చూసి అడిగే కొనుగోలుదారుడు గానీ, చూసి ఆగే అమ్మకందారుడు గానీ ఇంకా తయారు కాలేదు.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
ఖమ్మం జిల్లా